శివారు ఇల్లు వదిలి నగరం నడిబొడ్డున 23వ అంతస్తుకు: వెళ్లినవారి అనుభవం కావాలి

ఊగిసలాట (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. నాకు 54 ఏళ్లు, నా భార్యకు 51. శివారులో పెరడు, డాబా ఉన్న సొంత ఇంట్లో 17 ఏళ్లుగా ఉంటున్నాం. పిల్లలు చదువులు ముగించుకొని వేరే ఊళ్లలో స్థిరపడ్డారు. పై గదులు రెండింటికీ తాళాలు వేసి నెలకోసారి దుమ్ము దులపడానికే తీస్తున్నాం. ఆఫీసుకు వెళ్లడానికి నాకు గంటా పది నిమిషాలు, రావడానికి ఇంకాస్త ఎక్కువ పడుతోంది. ఆఫీసుకు పదిహేను నిమిషాల నడక దూరంలో 31 అంతస్తుల భవనంలో 23వ అంతస్తున ఒక ఫ్లాటు చూశాం. విస్తీర్ణం ఇప్పటి ఇంటిలో సగం కంటే తక్కువ. అంతస్తుకు ఆరు ఫ్లాట్లు, మూడు లిఫ్టులు, సామాన్లకు వేరే లిఫ్టు లేదు.

ఎత్తైన భవనాలు మంచివా, చెడ్డవా అన్న వాదన నాకు అక్కర్లేదు. చేరకముందే తెలిసి ఉంటే బాగుండేదని మీకు తరువాత అనిపించిన సంగతులేమిటో చెప్పండి. పాత ఇల్లు వెంటనే అమ్మేయడం మేలా, కొంతకాలం ఉంచుకోవడం మేలా అన్నది కూడా మా ఇంట్లో తేలని ప్రశ్నే.

పందొమ్మిదిలో వాళ్లం

ఆరేళ్ల క్రితం ఇదే మార్పు మేమూ చేశాం కాబట్టి మొదట ప్రయాణం సంగతి చెబుతాను. మనిషి ఏ కాలంలోనైనా, ఏ ఊళ్లోనైనా రోజుకు సుమారు ఒక గంట ప్రయాణానికి కేటాయించుకుంటాడని ఇటలీ భౌతిక శాస్త్రవేత్త చెజారె మార్కెట్టి 1994లో రాశారు. వాహనాల వేగం పెరిగితే మిగిలిన సమయంతో ఇంట్లో కూర్చోవడం లేదనీ, ఇంకాస్త దూరంగా ఇల్లు కట్టుకుంటున్నామనీ ఆయన వాదన సారాంశం. రోజుకు రెండున్నర గంటలు రోడ్డు మీద గడుపుతున్న మీరు ఆ గంట లెక్క ఎప్పుడో దాటిపోయారు. అందువల్ల ఇందులో మీకు కలిసొచ్చేది నిజంగానే పెద్దది.

అయితే అందులో కొంత భాగాన్ని భవనం తిరిగి తీసుకుంటుంది. కారు దింపిన చోటు నుంచి ఇంటి తలుపు దాకా శివారులో పది అడుగులే. ఇక్కడ పార్కింగ్, లాబీ, లిఫ్టు కోసం నిరీక్షణ, వసారా అన్నీ దాటాలి. ఏదైనా మరిచిపోయి వెనక్కి వెళ్లడం ఎంత పెద్ద పనో మొదటి వారంలోనే తెలిసొచ్చింది. అప్పటి నుంచి తాళాలు, కళ్లజోడు, గొడుగు ఒకే పళ్లెంలో తలుపు పక్కనే పెట్టుకుంటున్నాం.

ఒక సలహా. ఫ్లాటును ఆదివారం మధ్యాహ్నం ఒక్కసారి చూసి నిర్ణయించుకోకండి, అది భవనం అందంగా ముస్తాబై కనిపించే వేళ. పనిదినం పొద్దున్న తొమ్మిదింటికి, సాయంత్రం ఏడింటికి, రాత్రి పదకొండు దాటాక చూడండి. వీలైతే వాన పడుతుండగా కూడా వెళ్లండి.

చెవి పెట్టినవాడు

రాత్రి పదకొండు మాట వచ్చింది కాబట్టి శబ్దం గురించి. నేను శబ్ద నియంత్రణ పనిలో ఉన్నాను. పైకి వెళ్లేకొద్దీ రోడ్డు చప్పుడు మాయమవుతుందని చాలామంది నమ్మకం. ఒక్కచోట మోగే గంట లాంటి శబ్దమైతే దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. వాహనాలు బారులు తీరిన రోడ్డు ఒక గీత లాంటిది కాబట్టి అక్కడ తగ్గేది 3 డెసిబెల్సే. 10 మీటర్ల దూరాన వినిపించే రోడ్డు 80 మీటర్ల దూరానికి మూడు రెట్టింపులు దాటి 9 డెసిబెల్స్ తగ్గుతుందన్నమాట. చెవికి అది దాదాపు సగమైనట్టు అనిపిస్తుంది, అంతే. దానికితోడు నాలుగో అంతస్తులో ఉన్నవారికి ఎదురు భవనం అడ్డుగోడ అవుతుంది, 23వ అంతస్తుకు ఆ అడ్డు ఉండదు. మీ వీధితోపాటు పక్క నాలుగు వీధుల చప్పుడూ మీకు చేరుతుంది.

దీనికి మందు కిటికీలోనే ఉంది. రబ్బరు పట్టీలతో బిగువుగా మూసుకునే రెండు పలకల అద్దం ఉంటే బయటి చప్పుడు చాలావరకు ఆగుతుంది. పైఇంటి కుర్చీ ఈడ్చిన చప్పుడు మాత్రం కాంక్రీటు పలక గుండానే దిగివస్తుంది కాబట్టి ఏ కిటికీ దాన్ని ఆపలేదు. ఫ్లాటు చూడడానికి వెళ్లినప్పుడు పైఇంటివారిని ఒకసారి మామూలుగా ఇటూ అటూ నడవమని అడగండి. అలా అడగడానికి అందరూ మొహమాటపడతారు, నేను మాత్రం రెండుసార్లు అడిగాను.

పాత తాళ్లు

లిఫ్టుల నిర్వహణలో 30 ఏళ్లు పనిచేసి విరమించిన వాడిని. ఊగిసలాట గారు చెప్పిన అంకెల్లో నా కన్ను ఒకచోటే ఆగింది. 31 అంతస్తులు, అంతస్తుకు ఆరు ఇళ్లు అంటే 186 ఇళ్లు. మూడు లిఫ్టులకు పంచితే ఒక్కోదానికి 62. నెలవారీ నిర్వహణకు ఒకటి ఆపిన రోజున 93. మరొక కుటుంబం సామాన్లు మార్చుకోవడానికి ఇంకొకటి పట్టుకుందనుకోండి, ఆ పూట మొత్తం భవనానికి మిగిలేది ఒక్కటే. సామాన్లకు వేరే లిఫ్టు లేకపోవడం చిన్న విషయం కాదు.

లిఫ్టు వేగం గురించి అమ్మేవాళ్లు గొప్పగా చెబుతారు. మీ అంతస్తు సుమారు 70 మీటర్ల ఎత్తున ఉంటుంది. సెకనుకు రెండున్నర మీటర్ల లిఫ్టు ఆగకుండా వెళితే అర నిమిషం కూడా పట్టదు. సమయాన్ని తినేసేది వేగం కాదు, మజిలీలు. ప్రతి మజిలీలోనూ వేగం తగ్గాలి, తలుపు తెరుచుకోవాలి, మనుషులు ఎక్కిదిగాలి, తలుపు మూసుకోవాలి, మళ్లీ వేగం పుంజుకోవాలి. ఒక్కో మజిలీకి పది సెకన్లు ఇట్టే పోతాయి. పొద్దున్న తొమ్మిదింటికి 23 నుంచి దిగేటప్పుడు ఆరుచోట్ల ఆగితే లెక్క మీరే వేసుకోండి. వెళ్లి చూడమని పైన ఇచ్చిన సలహా మంచిదే, దానికి నాదొకటి చేరుస్తున్నాను. లాబీలో గడియారం పెట్టుకొని అరగంట నిలబడండి. మీట నొక్కిన క్షణం నుంచి తలుపు తెరుచుకునే వరకు ఎన్ని సెకన్లో వరుసగా ఇరవైసార్లు రాసుకోండి. సగటు కంటే ఆ ఇరవైలో అన్నిటికంటే పెద్ద అంకెను చూడండి, మీ చిరాకును నిర్ణయించేది అదే.

తాడు తెగుతుందన్న భయం మాత్రం పెట్టుకోకండి. ఎలిషా ఓటిస్ 1854లో న్యూయార్క్ ప్రదర్శనశాలలో అందరూ చూస్తుండగా తాను నిలబడ్డ వేదిక తాడును కోయించి, అది పడకుండా పక్క పట్టాల పళ్లలో ఇరుక్కునే పట్టు ఆపడం చూపించాడు. ఈనాటి లిఫ్టును మోసేది ఒక్క తాడు కాదు, కొన్ని తాళ్లు కలిసి మోస్తాయి. వేగం హద్దు దాటితే పట్టాలను బిగించి పట్టుకునే ఏర్పాటు విడిగా ఉంటుంది. మధ్యలో ఆగిపోతే గంట నొక్కి లోపలే ఉండడం క్షేమం. నా అనుభవంలో ప్రమాదాలు జరిగింది తలుపులు బలవంతంగా విప్పుకొని దూకబోయినవారికే.

ఇంకో సంగతి. లిఫ్టు యంత్రాలు శాశ్వతం కావు, ఇరవై, పాతికేళ్లకు పెద్ద మార్పిడి వస్తుంది. మీరు చూసిన భవనం వయసెంత?

ఊగిసలాట

పద్నాలుగేళ్లు. పాత తాళ్లు గారూ, ఈ కోణంలో నేను ఆలోచించనే లేదు. శనివారం వెళ్లి లాబీలో నిలబడతాను.

పాత తాళ్లు

శనివారం కాదండీ, మంగళవారం.

ఇంట్లో రెండో మనిషి

ఊగిసలాట గారి భార్యను. మా వారు ఇక్కడ చర్చ పెట్టారని తెలిసి మొత్తం చదివాను. రాసినవన్నీ నిజాలే కానీ ఒక ముఖ్యమైన సంగతి వదిలేశారు. నేను ఇంటి నుంచే పనిచేస్తాను. ప్రయాణం తగ్గేది ఆయనకు, ఇల్లు తగ్గేది నాకు. ఆయన ఆ ఫ్లాటులో పడుకుంటారు, నేను రోజంతా బతకాలి.

నాకు ఎత్తు భయం లేదు. ఇప్పుడు పని మధ్యలో విసుగొస్తే పెరట్లోకి రెండడుగులు వేస్తాను. ఎవరికీ కనబడక్కర్లేదు, చెప్పులు కూడా అక్కర్లేదు. వెనకగోడ పక్క నీళ్ల తొట్టె మీద చేయి పెట్టుకొని ఐదు నిమిషాలు ఊరికే నిలబడతాను. 23వ అంతస్తులో ఆ ఐదు నిమిషాలకు నేను బట్టలు మార్చుకోవాలి, తలుపు తాళం వేయాలి, లిఫ్టులో ఎవరో ఒకరిని చూసి నవ్వాలి. ఇది ఎవరికైనా చిన్న విషయంగా కనిపిస్తే కనిపించనివ్వండి. పగలంతా అక్కడే ఉండేవారు ఎవరైనా ఉంటే ఎండ, గాలి, బట్టలు ఆరడం, ఒంటరితనం గురించి ఉన్నదున్నట్టు చెప్పండి.

పడమటి కిటికీ

రెండో మనిషి గారూ, నేను 27వ అంతస్తులో ఉంటూ ఇంటి నుంచే పనిచేస్తున్నాను. నా పేరే మీకు సగం జవాబు చెబుతుంది.

పైన చల్లగా ఉంటుందని మాకూ చెప్పారు. ఎత్తుతో ఉష్ణోగ్రత తగ్గే మాట నిజమే కానీ సగటున అది కిలోమీటరుకు 6.5 డిగ్రీలే. 70 మీటర్లకు అర డిగ్రీ కూడా రాదు. మరోవైపు చెట్టు నీడ, ఎదురింటి నీడ రెండూ పోతాయి. పడమటి గోడంతా అద్దమైతే మధ్యాహ్నం రెండు నుంచి పొద్దు గూకే వరకు ఆ గది పనికిరాదు. తెర లోపల వేస్తే వేడి అప్పటికే అద్దం దాటి లోపలికి వచ్చేసి ఉంటుంది. ఎండను బయటే ఆపాలి, ఆ ఎత్తున బయట ఏదైనా బిగించడానికి ఏ సంఘమూ సులభంగా ఒప్పుకోదు. మా ఆయన వేసవిలో దిక్సూచి పట్టుకొని ఇల్లు చూసుంటే బాగుండేదని ఇప్పటికీ ఇంట్లో ఒక ఎత్తిపొడుపు ఉంది.

గాలి మాట మరొకటి. నేలకు 10 మీటర్ల ఎత్తున వీచే గాలి కంటే 70 మీటర్ల దగ్గర వీచేది ఒకటిన్నర రెట్లకు పైగా వేగంగా ఉంటుంది. తోపుడు బలం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి వస్తువుల మీద దాని దెబ్బ రెండు రెట్లు దాటిపోతుంది. బట్టలు గంటలో ఆరతాయి, క్లిప్పు సరిగ్గా లేకపోతే పక్క వీధిలో ఆరతాయి. పెద్దగాలి రోజున భవనం సన్నగా ఊగడం కూడా మామూలే. ఊగేలా కట్టకపోతేనే ప్రమాదం. 508 మీటర్ల తైపే 101లో ఈ ఊపును తగ్గించడానికే 660 టన్నుల ఉక్కు గోళాన్ని 92వ అంతస్తు నుంచి వేలాడదీశారు. మా 27వ అంతస్తులో అలాంటివేమీ లేవు, అక్కర్లేదు కూడా. ఒక్కసారి మాత్రం గాలివాన రాత్రి గ్లాసులో నీళ్లు కదలడం చూసి ఇద్దరం మాట్లాడుకోకుండా చాలాసేపు ఆ గ్లాసు వంకే చూస్తూ కూర్చున్నాం.

మీ ఐదు నిమిషాల సంగతి నాకు బాగా అర్థమైంది. ఇక్కడ దానికి సరిపడేది లేదు. ఉందని చెబితే అబద్ధమవుతుంది. బదులుగా దొరికింది వేరే. మధ్యాహ్నం కిందికి దిగితే నడిచే దూరంలోనే గ్రంథాలయం ఉంది, తెలియని మనుషుల మధ్య గంట కూర్చొని రాగలను. శివారులో ఆ పనికి కారు తీయాల్సి వచ్చేది. నాకది చాలింది, మీకు చాలుతుందో లేదో నేను చెప్పలేను.

సామాన్ల సర్దు

ఒక్కటే మాట. లిఫ్టు తలుపు వెడల్పు, లోపలి ఎత్తు, మూల నుంచి మూలకు ఉన్న కొలత రాసుకొని వచ్చాకే ఇంట్లో ఏది ఉంచాలో, ఏది ఇచ్చేయాలో నిర్ణయించండి. విప్పడానికి వీల్లేని మా బీరువా లిఫ్టులో పట్టక తొమ్మిది అంతస్తులు మెట్ల మీదుగా వెళ్లింది. పదో అంతస్తు మలుపులో ఇరుక్కుపోతే అక్కడే కోయించాం.

తిరిగొచ్చాం

రెండేళ్లు ఉండి తిరిగి శివారుకు వచ్చేసినవాళ్లం కాబట్టి రెండోవైపు కూడా వినండి. మా కష్టాలు లిఫ్టు వల్ల రాలేదు, ఎండ వల్లా రాలేదు. పైఇంటి స్నానాలగది నుంచి మా పడకగది కప్పులోకి నీరు దిగడం మొదలైంది. మొదట అరచేతి వెడల్పు మరక, నెల తిరిగేసరికి సున్నం పెచ్చులై దిండు మీద రాలేది. పైఇంటివారు అద్దెకున్నవారు, యజమాని ఎక్కడో దూరంగా ఉంటాడు. నిర్వాహకులేమో రెండు ఇళ్ల మధ్య తగాదాలో తాము తలదూర్చలేమన్నారు. సొంత ఇంట్లో అయితే మర్నాడే మేస్త్రీని పిలిచేవాణ్ణి. అక్కడ ఏడు నెలలు ఉత్తరాలు రాశాను. నీరు కారుతున్న నేల వేరొకరిది, తడిసే కప్పు నాది. అపార్టుమెంటు అంటే ఏమిటో నాకు ఆ మరక చెప్పింది.

రెండో దెబ్బ నిధి లేకపోవడం. నెలనెలా కట్టే రుసుము తక్కువగా ఉందని సంతోషించి చేరాం. తక్కువగా ఎందుకుందంటే పెద్ద మరమ్మతులకు ఒక్క రూపాయి కూడా పక్కన పెట్టకపోవడం వల్ల. బయటి గోడలకు పగుళ్లు వచ్చినప్పుడు అందరి నెత్తిన ఒకేసారి పెద్ద మొత్తం పడింది. ఊగిసలాట గారూ, పద్నాలుగేళ్ల భవనమంటున్నారు. పాత తాళ్లు గారు చెప్పిన లిఫ్టు మార్పిడి మీరు ఉండగానే వస్తుంది. గత మూడేళ్ల సర్వసభ్య సమావేశపు తీర్మానాలు, నిధి లెక్క, ఎవరెవరు ఎంత బకాయి ఉన్నారో అడిగి చూడండి. చూపించడానికి తటపటాయిస్తే అదీ ఒక జవాబే.

పందొమ్మిదిలో వాళ్లం

తిరిగొచ్చాం గారి బాధ కాదనను కానీ సొంత ఇంటికి కప్పు కారదా, గోడ పగలదా? ఆ ఖర్చు మనం ఎప్పుడూ నెలవారీగా రాసుకోం కాబట్టి లేనట్టే అనిపిస్తుంది. శివారు ఇంటి మీద పదిహేడేళ్లలో పెట్టిన మరమ్మతులన్నీ ఒక కాగితం మీద రాసి నెలలతో భాగించి చూడండి, రుసుము అంత భారంగా కనిపించదు.

తిరిగొచ్చాం

ఖర్చు సంగతి ఒప్పుకుంటాను. నేను చెప్పింది డబ్బు గురించి కాదు, ఎప్పుడు బాగుచేయాలో నిర్ణయించే హక్కు గురించి.

మెట్ల దారి

ఇంతవరకు ఎవరూ నిప్పు మాట ఎత్తలేదు. అగ్నిమాపక శాఖ నిచ్చెన వాహనాల్లో సాధారణమైనవి సుమారు 30 మీటర్ల వరకే అందుతాయి, అంటే పది అంతస్తులు. 23లో ఉన్నవారికి దారి మెట్లే. అందువల్ల ఫ్లాటు కంటే ముందు మెట్లు చూడండి. మెట్ల తలుపు తనంతట తానే గట్టిగా మూసుకోవాలి. దానికి రాయో, పూలకుండీయో అడ్డం పెట్టి తెరిచి ఉంచారంటే పొగ మెట్లలోకి రావడానికి దారి సిద్ధం చేసి పెట్టినట్టే. బయటి గోడకు అతికించిన పలకలు ఏ పదార్థంతో చేసినవో అడగండి. 2017 జూన్ 14న లండన్‌లోని 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవర్‌లో ఒక ఫ్రిజ్ దగ్గర మొదలైన మంట బయటి పలకల మీదుగా భవనమంతా పాకి 72 మంది చనిపోయారు. అక్కడ ఇళ్లలోనే ఉండమన్న సూచనను చాలా ఆలస్యంగా మార్చారు. మీ భవనంలో ఉండమంటారో, దిగమంటారో, పొగ వస్తే ఏ మెట్ల వైపు వెళ్లాలో చేరిన రోజే తెలుసుకోండి. ఒకసారి 23 నుంచి కిందిదాకా నడిచి దిగండి. సుమారు 410 మెట్లు ఉంటాయి, మోకాళ్లు తమ అభిప్రాయం అప్పుడే చెబుతాయి.

ఊగిసలాట (ఐదు వారాల తరువాత)

చెప్పినవన్నీ చేశాం. మంగళవారం పొద్దున్న లాబీలో ఇరవైసార్లు లెక్కపెట్టాను. చాలావరకు ముప్పై, నలభై సెకన్లు. అన్నిటికంటే పెద్దది నాలుగు నిమిషాల పది సెకన్లు, ఆ సమయంలో ఎవరిదో మంచం ఒక లిఫ్టులో అడ్డంగా ఉంది. మెట్లు దిగాం. నా భార్య ఆగకుండా దిగింది, నేను రెండుసార్లు ఆగాను. తొమ్మిదో అంతస్తులో మెట్ల తలుపుకు నీళ్ల డబ్బా అడ్డం పెట్టి ఉంది. సమావేశపు తీర్మానాలు అడిగితే రెండేళ్లవి ఇచ్చారు, మూడో ఏడాదిది వెతుకుతున్నామన్నారు. లిఫ్టుల మార్పిడికి నిధి ఉంది కానీ సగమే.

ఆ ఫ్లాటు కొనడం లేదు. అదే భవనంలో 12వ అంతస్తున తూర్పు ముఖంగా ఉన్నదాన్ని ఏడాదికి అద్దెకు తీసుకున్నాం. శివారు ఇల్లు అమ్మకుండా ఉంచుతున్నాం. 23 మీద ఆశ ఎక్కువగా ఉన్నది నాకే కాబట్టి ఒప్పుకోవడానికి కొన్ని రోజులు పట్టింది.

పాత తాళ్లు

పన్నెండులో ఉంటే లిఫ్టు ఆగిన రోజున కూడా ఇంటికి చేరగలరు. నీటి విషయం కూడా చూసుకోండి. ప్రతి పది మీటర్ల ఎత్తుకు ఒక బార్ ఒత్తిడి మారుతుంది. పైట్యాంకు నుంచి దిగే నీటికి మధ్యలో ఒత్తిడి తగ్గించే వాల్వు లేకపోతే మధ్య అంతస్తుల్లో కొళాయిలు త్వరగా పాడవుతాయి.

ఇంట్లో రెండో మనిషి

వచ్చే నెల మొదటి వారంలో మారుతున్నాం. అద్దె ఇల్లు అన్న మాట నాదే, ఆయన పైన రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. ఒక ప్రశ్న మిగిలింది. పెరట్లోని మొక్కల్లో ఒక్కటైనా తీసుకెళ్లాలని ఉంది. 60 సెంటీమీటర్ల వెడల్పు, అర మీటరు లోతున్న కుండీని బాల్కనీలో పెట్టవచ్చా?

పడమటి కిటికీ

ఆ కొలతకు మట్టి సుమారు 140 లీటర్లు పడుతుంది. తడి మట్టి లీటరుకు కిలోన్నరకు పైనే ఉంటుంది కాబట్టి మొత్తం 200 కిలోలు దాటుతుంది, అదీ రెండడుగుల చోటులోనే. ముగ్గురు మనుషులు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి ఏడాదంతా అక్కడే నిలబడినట్టు. బాల్కనీ ఎంత బరువుకు కట్టారో నిర్వాహకుల దగ్గరి నక్షాల్లో ఉంటుంది, అడగండి. కొబ్బరిపొట్టు కలిపిన తేలిక మిశ్రమంతో 30 సెంటీమీటర్ల కుండీ పెట్టుకుంటే ఏ అనుమానమూ లేదు. కట్టుగోడ మీద కాకుండా లోపలి గోడకు ఆనించి, మొదలు దగ్గర తాడుతో కట్టండి. 12వ అంతస్తులో కూడా గాలి తక్కువేమీ కాదు.

ఇంట్లో రెండో మనిషి

అయితే కొమ్మ తీసుకెళ్తాను. ఈ రోజే అంటు కట్టాను.